తేట నీళ్లలో చేప ఎందుకు చనిపోతుంది?

"నీళ్లు చూడండి, ఎంత తేటగా ఉన్నాయో. మేత మంచిదే వేశాం. మోటారు ఒక్క నిమిషం కూడా ఆపలేదు. అయినా వారం తిరక్కుండా చేపలు ఎందుకు చచ్చిపోయాయి?"

అక్వేరియం దుకాణానికి రెండోసారి వచ్చేవాళ్లలో చాలామంది అడిగే ప్రశ్న ఇది. మంచినీటి గోల్డ్‌ఫిష్ కొన్నవాళ్లూ అడుగుతారు, సముద్రపు క్లౌన్‌ఫిష్ కొన్నవాళ్లూ అడుగుతారు. ఉప్పునీటి తొట్టి పెట్టినవాళ్లకు మాత్రం నష్టం ఎక్కువ. చేప ఖరీదు, ఉప్పు ఖరీదు, లైట్ల ఖరీదు అన్నీ కలిసి కళ్లముందే పోతాయి. డబ్బు సంగతి పక్కన పెట్టినా, నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలతో నిన్నటిదాకా చురుగ్గా తిరిగిన ప్రాణి నీటి పైభాగానికి వచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉంటే చూడటం కష్టం.

దాన్ని చంపింది ఆ తేట నీళ్లలోనే ఉంది. దానికి రంగు లేదు. చేపను చంపేంత మోతాదులో కూడా మన ముక్కుకు వాసన తెలియదు. బయటి నుంచి ఎవరూ కలపలేదు, చేపే వదిలింది. దాని పేరు అమోనియా. సముద్రంలోనూ ఆ చేప రోజూ అమోనియానే వదులుతుంది, కానీ అక్కడ దానికి ఏమీ కాదు. సముద్రం పెద్దది కాబట్టి అనుకుంటాం. అది సగం జవాబే. అమోనియాను తిని బతికే సూక్ష్మజీవులు సముద్రంలో అడుగడుగునా ఉన్నాయి. కొత్త తొట్టిలో అవి ఇంకా లేవు. ఉప్పునీటి తొట్టి పెట్టడమంటే ముందు ఆ జీవులను పెంచడం, ఆ తర్వాతే చేపలను పెంచడం.

మేత డబ్బాలో మొదలయ్యే లెక్క

సముద్రపు చేపల మేత డబ్బా మీద ప్రోటీన్ ఎంతో రాసి ఉంటుంది. 45 శాతం అనుకుందాం. ప్రోటీన్ బరువులో సుమారు 16 శాతం నత్రజని. అంటే ఒక గ్రాము మేత వేస్తే నీళ్లలోకి 72 మిల్లీగ్రాముల నత్రజని దిగినట్టు.

వంద లీటర్ల తొట్టి, రెండు చిన్న చేపలు, రోజుకు అర గ్రాము మేత. ఈ తొట్టినే అధ్యాయమంతా దగ్గర పెట్టుకుందాం. రోజూ 36 మిల్లీగ్రాముల నత్రజని లోపలికి వెళుతుంది. అందులో మూడో వంతు చేప కండగా మారుతుందనుకున్నా, మిగతా పాతిక మిల్లీగ్రాములు మళ్లీ నీళ్లలోకే వస్తాయి. మనుషులు నత్రజని వ్యర్థాన్ని యూరియాగా మార్చి మూత్రంలో పంపుతారు. చేపకు ఆ శ్రమ అక్కర్లేదు. ఎక్కువ భాగాన్ని అమోనియాగానే మొప్పల గుండా నేరుగా నీటిలోకి వదిలేస్తుంది. తినకుండా మిగిలిన మేత, రెట్ట, కుళ్లిన నాచు కూడా చివరికి అమోనియాగానే మారతాయి.

మన తొట్టిలో ఈ లెక్కన రోజుకు లీటరుకు 0.3 మిల్లీగ్రాముల అమోనియా చేరుతుంది. వారానికి రెండు మిల్లీగ్రాములు. వినడానికి చిన్న అంకెలే. అవి ఎంత పెద్దవో తెలియాలంటే ఉప్పునీటి స్వభావం తెలియాలి.

నీటిలో అమోనియా రెండు వేషాల్లో ఉంటుంది. ఒకటి అమోనియం. దానికి విద్యుదావేశం ఉంటుంది, మొప్పల పొరను సులువుగా దాటలేదు. రెండోది ఆవేశం లేని స్వేచ్ఛా అమోనియా. అది పొరను దాటి రక్తంలోకి జొరబడుతుంది. ఎంత భాగం ఏ వేషంలో ఉండాలో నిర్ణయించేది ముఖ్యంగా పీహెచ్, కొంతవరకు వేడి. పీహెచ్ 7 ఉన్న మంచినీటిలో స్వేచ్ఛా అమోనియా అర శాతం దగ్గర ఉంటుంది. సముద్రపు నీటి పీహెచ్ 8.2 ప్రాంతంలో అది ఆరేడు శాతానికి ఎగబాకుతుంది. పదింతలకు పైమాటే. మొత్తం అమోనియా ఒకటే అయినా, సముద్రపు చేపకు తగిలే విషం పదింతలు.

స్వేచ్ఛా అమోనియా లీటరుకు 0.05 మిల్లీగ్రాము దాటితే మొప్పలు దెబ్బతినడం మొదలవుతుంది. మన తొట్టిలో వారానికి అది 0.14కు చేరుతుంది. వారం తిరక్కుండా చేపలు ఎందుకు పోయాయన్న ప్రశ్నకు ఇదే లెక్క.

భీమవరం, కైకలూరు వైపు వనామి రొయ్యల రైతులకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎండ బాగా కాసిన మధ్యాహ్నం చెరువులో నాచు బొగ్గుపులుసు వాయువును పీల్చేసుకుంటుంది, పీహెచ్ పెరుగుతుంది. పొద్దున పరీక్షలో భయం లేదనిపించిన అమోనియానే మధ్యాహ్నానికి రొయ్యను కుంగదీస్తుంది. లైట్లు బాగా వెలిగే పగడాల తొట్టిలోనూ సాయంత్రం లైట్లు ఆరే ముందు జరిగేది అదే.

ఇసుక గొట్టంలో ఇరవై రోజులు

ఈ అమోనియాను మాయం చేసేది ఏమిటి? పందొమ్మిదో శతాబ్దంలో చాలామంది రసాయన శాస్త్రవేత్తలు అది గాలిలోని ఆక్సిజన్ పని అనుకున్నారు. ఇనుము తుప్పు పట్టినట్టే అమోనియా కూడా తనంతట తాను నైట్రేట్‌గా మారుతుందన్నారు. 1877లో ఫ్రాన్స్‌లో తియోఫిల్ ష్లోజింగ్, అషిల్ ముంట్జ్ అనే ఇద్దరు ఆ అభిప్రాయాన్ని పరీక్షకు పెట్టారు.

పొడవాటి గాజు గొట్టంలో ఇసుక, సున్నపురాయి పొడి నింపారు. పైనుంచి మురుగునీటిని నెమ్మదిగా వదులుతూ, కింద కారిన నీటిని పరీక్షించారు. మొదటి రోజు అమోనియా పోసింది పోసినట్టే కిందికి వచ్చింది. పదో రోజూ అంతే. ఇరవై రోజులు దాటాక నైట్రేట్ కనిపించింది. ఆ తర్వాత అమోనియా కారడం ఆగిపోయింది. ఇది వట్టి రసాయన చర్యే అయితే మొదటి రోజే జరగాలి కదా! ఇరవై రోజులు ఎవరో పెరుగుతున్నారన్నమాట. వాళ్లు గొట్టంలోకి క్లోరోఫామ్ ఆవిరి పంపారు. నైట్రేట్ ఆగిపోయింది. క్లోరోఫామ్ తీసేసి, తోటమట్టి కడిగిన నీళ్లు కొన్ని పోశారు. కొన్నాళ్లకు మళ్లీ మొదలైంది. పని చేస్తున్నది ప్రాణమున్నదే అని తేలిపోయింది.

సైన్సు చరిత్రలో నాకు బాగా ఇష్టమైన ప్రయోగాల్లో ఇదొకటి. ఖరీదైన పరికరం ఒక్కటి లేదు, ఓపిక ఉంది. కొత్త అక్వేరియం పెట్టిన ప్రతివాళ్లూ తమ ఇంట్లో అదే ప్రయోగాన్ని తెలియకుండానే మళ్లీ చేస్తున్నారు.

ఆ ప్రాణులను విడదీసి పట్టుకున్నవాడు సెర్గేయ్ వినోగ్రాద్‌స్కీ. 1890లో, జ్యూరిక్‌లో. అప్పటి పద్ధతి ప్రకారం జెలటిన్ మీద పెంచబోతే అవి పెరగలేదు. వాటికి ఆ తిండి అక్కర్లేదని ఆయన గుర్తించాడు. అవి అమోనియాను ఆక్సిజన్‌తో కలిపి, అందులో పుట్టే శక్తితో బొగ్గుపులుసు వాయువు నుంచి తమ ఒళ్లు తామే కట్టుకుంటాయి. మొక్క సూర్యరశ్మితో చేసే పనిని ఇవి చీకట్లో అమోనియాతో చేస్తాయి. పని రెండు దశల్లో జరుగుతుంది. ఒక గుంపు అమోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, మరో గుంపు ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ మొత్తం ప్రక్రియకు నత్రీకరణ అని పేరు.

మంచినీటి చేపకు నైట్రైట్ కూడా ప్రమాదమే. రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీసి రక్తాన్ని గోధుమరంగుకు తిప్పుతుంది. సముద్రపు నీటిలో ఉప్పే చేపను కొంత కాపాడుతుంది. నైట్రైట్ మొప్పల్లోకి దూరే దారిలోనే క్లోరైడ్ కూడా దూరుతుంది. ఉప్పునీటిలో క్లోరైడ్ అపారం కాబట్టి నైట్రైట్‌కు చోటు దక్కదు. అందుకే ఉప్పునీటి తొట్టిలో మొదట భయపడాల్సింది అమోనియాకు.

సియాటిల్ తొట్టి అడుగున

వినోగ్రాద్‌స్కీ తర్వాత వందేళ్లకు పైగా, అమోనియాను తినేవి బ్యాక్టీరియాలే అని పుస్తకాలన్నీ రాశాయి. 2005లో ఆ మాట మార్చాల్సి వచ్చింది. మార్చింది ఒక అక్వేరియమే.

అమెరికాలోని సియాటిల్ నగరంలో సముద్ర తీరాన పెద్ద ప్రజా అక్వేరియం ఉంది. అక్కడి ఉష్ణమండల చేపల తొట్టి అడుగున పరిచిన గులకరాళ్ల నుంచి మార్టిన్ కొనెకె, డేవిడ్ స్టాల్, వారి సహచరులు ఒక జీవిని వేరుచేశారు. అది మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా చిన్నది. అమోనియా తింటోంది, నైట్రైట్ వదులుతోంది. కానీ అది బ్యాక్టీరియా కాదు. ఆర్కియా అనే మరో ప్రాచీన వంశానికి చెందిన ఏకకణ జీవి. ఆర్కియా అంటే అప్పటిదాకా వేడినీటి ఊటల్లోనూ ఉప్పు మడుగుల్లోనూ బతికే వింత జీవులుగానే ఎక్కువగా పేరుండేది. దీనికి నైట్రోసోపుమిలస్ మారిటిమస్ అని పేరు పెట్టారు.

ఆ తర్వాత వెతికితే మహాసముద్రాల్లో ఇలాంటివి లెక్కలేనన్ని కనిపించాయి. సముద్రంలో అమోనియాను తినేవాటిలో సంఖ్యలో ముందున్నవి ఇవే. నీళ్లలో అమోనియా దాదాపు లేదనిపించేంత పలచగా ఉన్నా ఏరుకు తినగలవు. ఏటా లక్షలమంది గాజు అవతల నుంచి చూసే తొట్టిలో, సముద్రపు నత్రజని కథలో ముఖ్యపాత్ర గులకరాళ్ల మధ్య కూర్చుని ఉందన్నమాట. పదేళ్ల తర్వాత, 2015లో, రెండు దశల పనినీ ఒంటిచేత్తో చేసే నైట్రోస్పైరా బ్యాక్టీరియా కూడా బయటపడింది. దాన్ని కనుగొన్న రెండు బృందాల్లో ఒకదానికి అది చేపల పెంపకం ఫిల్టరులోనే దొరికింది.

తోడు

పాలు తోడుకోవాలంటే చెంచాడు పెరుగు కావాలి. తొట్టికీ అంతే. ష్లోజింగ్ గొట్టంలో మురుగునీరే తోడు తెచ్చింది. 1960ల తొలినాళ్లలో జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన సముద్రంలోంచి జీవులతో నిండిన రాళ్లను తెచ్చి తొట్టిలో పేర్చి, గాలి బుడగలు మాత్రం వదిలి పగడాలను పెంచి చూపించాడు. ఆ రాళ్ల సందుల్లో ఉన్నదంతా తోడే. తర్వాత ప్రపంచమంతా దాన్ని లైవ్ రాక్ అని పిలిచి వాడింది.

మన దేశంలో ఆ దారి పట్టకూడదు. పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. సముద్రంలోంచి పగడపు రాయి విరిచి తేవడం నేరం. చట్టం లేకపోయినా ఆ పని చేయకూడదనే నేనంటాను. చేతితో చేసిన సచ్ఛిద్ర సిరామిక్ రాళ్లు దొరుకుతాయి. తోడు కోసం ఆరోగ్యంగా నడుస్తున్న స్నేహితుల తొట్టిలోంచి గుప్పెడు ఇసుకో, ఫిల్టరు స్పాంజి ముక్కో తెచ్చుకోవచ్చు. చేపల విషయంలోనూ అంతే. క్లౌన్‌ఫిష్‌ను హ్యాచరీలో పుట్టించే పద్ధతులను మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ ఎప్పుడో సిద్ధం చేసింది. పగడపు దిబ్బల నుంచి పట్టిన చేప మనకు అక్కర్లేదు.

తోడు వేసినా పెరుగులా తెల్లారేసరికి కాదు. పెరుగు సూక్ష్మజీవులు గంటలోపే రెండింతలవుతాయి. నత్రీకరణ జీవులకు ఒక్క రెట్టింపుకే దాదాపు రోజు పడుతుంది, చల్లబడితే ఇంకా ఎక్కువ. అమోనియాలో ఉన్న శక్తి తక్కువ, దాంతో ఒళ్లు కట్టుకోవడం నెమ్మది. అందుకే తొట్టి సిద్ధం కావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు. పెంపకందారులు సైక్లింగ్ అనేది ఈ కాలాన్నే.

ఈ ఆరు వారాలు చవకరకం చేపను వేసి అమోనియా పుట్టించే అలవాటు ఒకటి ఉంది. అది క్రూరం, అనవసరం కూడా. చేపకు బదులు అమోనియం క్లోరైడ్ ద్రావణం చుక్కలు వేసి, లీటరుకు రెండు మిల్లీగ్రాములకు తెచ్చుకుంటే చాలు. ఆ తర్వాత జరిగేది పరీక్షా నాళికలో చూడొచ్చు. అయిదు మిల్లీలీటర్ల తొట్టినీళ్లు తీసుకుని, రెండు సీసాల్లోంచి చెప్పినన్ని చుక్కలు వేసి, మూతపెట్టి కలిపి, అయిదు నిమిషాలు ఆగాలి. అమోనియా లేకపోతే లేత పసుపు. ఉంటే పసుపు ఆకుపచ్చలోకి, ఎక్కువుంటే ముదురు పచ్చలోకి దిగుతుంది. మొదటి రెండు వారాలు అది పచ్చగానే ఉంటుంది. మూడో వారం ప్రాంతంలో ఒకరోజు పచ్చదనం విరుగుతుంది, నైట్రైట్ పరీక్ష ఊదా రంగుకు తిరుగుతుంది. మొదటి గుంపు కుదురుకుంది, రెండోది ఇంకా లేదు. ఈ దశలో నైట్రేట్ పరీక్షను నమ్మకండి. ఆ కిట్ నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చి కొలుస్తుంది కాబట్టి, ఉన్న నైట్రైట్‌ను కూడా కలిపి ఎక్కువ చూపిస్తుంది. వేసిన రెండు మిల్లీగ్రాముల అమోనియా 24 గంటల్లో మాయమై, నైట్రైట్ కూడా సున్నా చూపినరోజు తొట్టి సిద్ధం. అప్పుడు ఒక్క చేప, కొన్ని వారాల తర్వాత రెండోది.

ఆ జీవులు నీళ్లలో తేలుతూ ఉండవు. రాయి, ఇసుక, స్పాంజి, గాజు అంచుల మీద పలచని పొరగా అంటుకుని ఉంటాయి. నీళ్లు మారిస్తే అవి పోవు. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద శుభ్రంగా కడిగితే పోతాయి, కుళాయి నీళ్లలోని క్లోరిన్ చంపేస్తుంది. శుభ్రం చేశామన్న తృప్తి మర్నాటి అమోనియాగా తేలుతుంది.

నైట్రేట్ పోయే దారులు

ఇప్పుడు అమోనియా సున్నా, నైట్రైట్ సున్నా. నత్రజని మాత్రం ఎక్కడికీ పోలేదు, వేషం మార్చింది. మన తొట్టిలో రోజూ వచ్చే పాతిక మిల్లీగ్రాములు నైట్రేట్ రూపంలో వారానికి లీటరుకు ఎనిమిది మిల్లీగ్రాముల చొప్పున పేరుకుంటాయి.

వారానికోసారి పదో వంతు నీళ్లు మారిస్తే సరిపోతుందని చాలామంది నమ్మకం. లెక్క వేసి చూడండి. మొదట్లో పదో వంతు తీస్తే పోయేది ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు, వచ్చేది ఎనిమిది. నైట్రేట్ పెరుగుతూ పోయి, అందులో పదో వంతు ఎనిమిదికి సమానమయ్యేదాకా, అంటే 80కి చేరేదాకా ఆగదు. అయిదో వంతు మారిస్తే 40 దగ్గర ఆగుతుంది. చేపలు దీన్ని చాలావరకు ఓర్చుకుంటాయి. పగడాలు ఓర్చుకోవు. వాటికి పది లోపు ఉంటే మేలు. మేత సగం చేస్తే పై రెండు అంకెలూ సగమవుతాయి. అన్నిటికన్నా చవకైన మందు అదే.

రెండో దారి, వ్యర్థం అమోనియాగా మారకముందే తోడేయడం. స్కిమ్మర్ అనే పరికరం నిలువు గొట్టంలో సన్నని గాలి బుడగలు వదులుతుంది. ప్రోటీన్ లాంటి పదార్థాలు బుడగల అంచుకు అంటుకుని, నురుగుగా పైకెక్కి కప్పులో పడతాయి. ఆ కప్పులో చేరిన గోధుమరంగు ద్రవం కంపు ఒకసారి చూస్తే, అది నీళ్లలోనే ఉండిపోతే ఏమయ్యేదో అర్థమవుతుంది. మంచినీటిలో బుడగలు పెద్దవై ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి గనుక ఈ పద్ధతి సరిగా పనిచేయదు. ఉప్పునీటిలో బుడగలు సన్నగా నిలబడతాయి.

మూడో దారి ప్రకృతిది. ఇసుక లోతుల్లో, రాళ్ల గుండెల్లో ఆక్సిజన్ అందని చోట బతికే బ్యాక్టీరియా, నైట్రేట్‌లోని ఆక్సిజన్‌ను లాక్కుని నత్రజనిని వాయువుగా వదిలేస్తాయి. దీన్ని వినత్రీకరణ అంటారు. అమోనియాగా మొదలైన నత్రజని గాలిలో కలిసి తొట్టిని నిజంగా విడిచిపెట్టేది ఇక్కడే. మొనాకోలో జ్యాన్ జోబేర్ ఇసుక కింద నీటి అర ఉంచి, దీని మీదే ఆధారపడి పగడాలను పెంచే పద్ధతి రూపొందించాడు.

నాలుగో దారి గురించి చెప్పినప్పుడు మన రైతులు తలాడిస్తారు. రొయ్యల చెరువులో బెల్లం, తవుడు పులియబెట్టి చల్లుతారు కదా. ఐరోపాలో, అమెరికాలో పగడాల పెంపకందారులు కొందరు తొట్టిలో కొలిచి కొన్ని చుక్కల వోడ్కా వేస్తారు. రెండూ ఒకటే సూత్రం. బెల్లంలోనూ ఆల్కహాల్‌లోనూ కర్బనం ఉంది. అది దొరికితే వేరేరకం బ్యాక్టీరియా వేగంగా పెరుగుతాయి, పెరగడానికి కావాల్సిన నత్రజనిని నీళ్లలోంచే తీసుకుంటాయి. చెరువులో ముద్దకట్టిన ఆ బ్యాక్టీరియాను రొయ్య తింటుంది, తొట్టిలో స్కిమ్మర్ తోడేస్తుంది. మోతాదు మించితే ఆ బ్యాక్టీరియా ఆక్సిజన్‌ను కూడా తాగేస్తాయి. రాత్రికి రాత్రే తొట్టంతా పోయే ప్రమాదముంది.

చెరువుల్లో అమోనియాకు చల్లే జియోలైట్ మాత్రం ఇక్కడ అక్కరకు రాదు. మంచినీటిలో అది అమోనియాను బాగా పట్టుకుంటుంది. సముద్రపు నీటిలో సోడియం ముందే వచ్చి ఆ చోట్లన్నీ ఆక్రమిస్తుంది.

నైట్రేట్‌ను పూర్తిగా సున్నా చేయాలనే పట్టుదల కూడా మంచిది కాదు. పగడం లోపల కాపురముండే సూక్ష్మ నాచుకు నత్రజని కావాలి. అది బొత్తిగా దొరక్కపోతే పగడం పాలిపోతుంది.

పెరిగే ఉప్పు, తరిగే క్షారం

సముద్రపు నీటిలో కిలోకు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. తొట్టిలో నీరు ఆవిరవుతుంది, ఉప్పు ఆవిరవదు. మన వంద లీటర్లలో అయిదు లీటర్లు ఎగిరిపోతే ఉప్పు 37 గ్రాముల దగ్గరికి చేరుతుంది. తగ్గిన నీటి స్థానంలో ఉప్పు కలపని ఆర్‌ఓ నీళ్లే, ఏరోజుకారోజు పోయాలి. ఉప్పునీళ్లు పోస్తే ఉప్పు మీద ఉప్పు చేరుతుంది.

క్షారం కథ దీనికి తిరగబడి ఉంటుంది. నత్రీకరణలో ఆమ్లం పుడుతుంది. దాన్ని నీటిలోని బైకార్బొనేట్ మింగి పీహెచ్‌ను నిలబెడుతుంది. ఈ నిల్వనే ఆల్కలినిటీ అంటారు. ఒక మిల్లీగ్రాము నత్రజని నైట్రేట్‌గా మారితే ఏడు మిల్లీగ్రాములకు పైగా ఆల్కలినిటీ ఖర్చవుతుంది. మన తొట్టిలో నెలకు లీటరుకు 54 మిల్లీగ్రాములు. సముద్రపు నీటిలో ఉండేది 120 ప్రాంతమే. నీళ్లు మార్చకపోతే నెలలో సగానికి దగ్గరగా పోయినట్టు. పగడాలుంటే తమ అస్థిపంజరం కోసం అవి వేరేగా తీసుకుంటాయి. ఆ 54ను తిరిగి నింపడానికి కావాల్సింది సుమారు తొమ్మిది గ్రాముల వంటసోడా. ఒక్కసారే గుమ్మరించకుండా, ఆర్‌ఓ నీళ్లలో కరిగించి వారాల మీద పంచి వేయాలి.

నత్రీకరణ ఆక్సిజన్‌ను కూడా తాగుతుంది. ఒక మిల్లీగ్రాము నత్రజనికి నాలుగున్నర మిల్లీగ్రాములు. 25 డిగ్రీల దగ్గర మంచినీటిలో లీటరుకు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, సముద్రపు నీటిలో 6.7 మాత్రమే. మన ఎండాకాలంలో నీళ్లు వేడెక్కితే ఇంకా తక్కువ. కరెంటు పోయినప్పుడు మొదట అందుకోవాల్సింది బ్యాటరీతో నడిచే గాలిపంపు.

మూసి ఉండే క్యానిస్టర్ ఫిల్టరు గంటల తరబడి ఆగిపోతే లోపలి జీవులు ఉన్న ఆక్సిజన్‌ను ఖాళీచేసి చావడం మొదలుపెడతాయి. కరెంటు రాగానే స్విచ్ వేస్తే ఆ చెడిన నీరంతా తొట్టిలోకి వస్తుంది. ముందు ఫిల్టరు విప్పి ఆ నీళ్లు పారబోయాలి. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే జాడించి మళ్లీ అమర్చాలి. ఆ తర్వాత మూడు రోజులు మేత సగమే వేసి, రోజూ అమోనియా చూసుకోవాలి. నాళికలో పసుపు నిలిచిందంటే పొర బతికే ఉంది. పచ్చ తిరిగిందంటే కొంత పోయింది, అది మళ్లీ పెరిగేదాకా నీళ్లు మారుస్తూ చేపను కాయాలి.